రాసి నవ్వించినవాళ్ళే నయం

రియాలిటీ షోలంటే ముఖం చిట్లించేవాళ్ళతో నాకు పేచీ లేదు. ఎవరిష్టం వాళ్ళది. నా పేచీ అంతా ‘ద హాట్‌వైవ్స్ ఆఫ్ ఒర్లాండో’ లాంటి సిరీస్ చూసి, "ఆడవాళ్ళని వెక్కిరించడానికి ఇంత ఖర్చా" అని పెదవి విరిచేవాళ్ళతో. అది ఆడవాళ్ళ మీద వెక్కిరింత కాదు మహాప్రభో. ఆ షోలు తయారయ్యే ఎడిటింగ్ గది మీద.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 2006లో బ్రావో అనే అమెరికన్ చానల్ ‘ద రియల్ హౌస్‌వైవ్స్ ఆఫ్ ఆరెంజ్ కౌంటీ’ మొదలుపెట్టింది. కాలిఫోర్నియాలో డబ్బున్న ఇళ్ళ ఆడవాళ్ళు, వాళ్ళ పార్టీలు, వాళ్ళ కొట్లాటలు. అది హిట్టయ్యేసరికి న్యూయార్క్, అట్లాంటా, న్యూజెర్సీ, బెవర్లీ హిల్స్ అంటూ ఊరూరా పాకింది. దాన్ని ఆటపట్టిస్తూ 2014లో హులూ అనే ఓటీటీలో వచ్చిందే ఏడు ఎపిసోడ్ల హాట్‌వైవ్స్. సృష్టించింది డానా ఫిర్మన్, డేనియల్ ష్నైడర్ అనే ఇద్దరు ఆడవాళ్ళే. మరుసటి ఏడాది మకాం లాస్ వేగాస్‌కి మార్చి ఇంకో సీజన్ తీశారు. అంతే, అక్కడితో సరి. అసలు షో మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది, అది వేరే బాధ.

ఇందులో నటించిన ష్నైడర్, కేసీ విల్సన్ ఇద్దరూ తర్వాత కలిసి ఒక పాడ్‌కాస్ట్ పెట్టారు. దేని గురించి? అసలు రియల్ హౌస్‌వైవ్స్ గురించే! అంటే వీళ్ళు ఆ షోని చీదరించుకుని పేరడీ తీసినవాళ్ళు కాదు, ఒక్క ఎపిసోడ్ వదలకుండా చూసే పిచ్చి అభిమానులు. ఆ తేడా తెర మీద కనిపిస్తుంది. దూరం నుంచి వెక్కిరించేవాళ్ళకి నగలూ బొటాక్సే కనిపిస్తాయి. రోజూ చూసేవాళ్ళకి కట్ ఎక్కడ పడిందో కూడా తెలుస్తుంది.

కెమెరా ముందు ఒక్కరే కూర్చుని మనసులో మాట చెప్పే సీన్ ఉంటుంది కదా, దాన్నే తీసుకోండి. విందులో గొడవ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. వారాల తర్వాత ఫుల్ మేకప్‌తో సోఫాలో కూర్చోబెట్టి, ఆ గొడవ ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పిస్తారు. "నేను లోపలికి వెళ్తున్నాను, ఆవిడ నన్ను చూసి మొహం తిప్పుకుంటోంది" అని. మొహం తిప్పుకున్న ఆ షాట్ అదే విందులోదో, వెయిటర్ కోసం చూసినప్పటిదో ఎవడికి తెలుసు? వేర్వేరు రోజుల్లో అన్న మాటల్ని అతికించి ఒకే వాక్యం చేయడం ఈ పరిశ్రమలో కొత్త విద్యేం కాదు. హాట్‌వైవ్స్ ఈ భాషంతా పట్టేసింది. చివర్లో అందర్నీ సోఫాల మీద కూర్చోబెట్టి పాత గాయాలు కెలికే రీయూనియన్‌ని కూడా వదల్లేదు. యాంకర్‌గా పాల్ షీర్ చేశాడు, అసలు షోల రీయూనియన్లు నడిపే ఆండీ కోహెన్ గుర్తొచ్చి తీరతాడు.

ఇక్కడో చిక్కుంది. అసలు సరుకే పేరడీలా ఉంటే పేరడీ రాసేవాడు ఏం చేయాలి? 2009లో న్యూజెర్సీ షోలో తెరీసా జూడిచే అనే ఆవిడ విందు మధ్యలో బల్లనే ఎత్తి తిరగేసింది. తర్వాత ఆవిడా భర్తా ఆర్థిక మోసాల కేసులో ఇరుక్కున్నారు. పిల్లల దగ్గర ఒకరైనా ఉండాలని కోర్టు ఇద్దరినీ వంతులవారీగా జైలుకి పంపింది. 2015లో ఆవిడ వంతు. ఇక హాట్‌వైవ్స్ విడుదలైన 2014లోనే న్యూయార్క్ షోలో అవీవా డ్రెషర్ రెస్టారెంట్‌లో అందరి ముందూ తన కృత్రిమ కాలు తీసి విసిరింది. ఏ రచయితైనా ఈ సీన్ రాసుకెళ్తే, "మరీ ఓవర్‌గా ఉంది, తగ్గించు" అంటారు.

అందుకే అతిశయోక్తి దగ్గర ఈ సిరీస్ ఓడిపోతుంది, ఓడిపోక తప్పదు. నాకు నచ్చనిదీ ఒకటుంది. క్రిస్టెన్ షాల్ వేసిన అమాండా పాత్ర, ఆంజెలా కిన్సీ వేసిన అక్కచెల్లెలి పాత్ర చూడగానే బెవర్లీ హిల్స్ షోలోని అక్కచెల్లెళ్ళు కిమ్, కైల్ రిచర్డ్స్ గుర్తొస్తారు. కిమ్ రిచర్డ్స్ తాగుడు సమస్య జనం అందరూ చూస్తుండగా బయటపడ్డది. దాని నీడలో మత్తు జోకులు వేస్తుంటే నాకు నవ్వు గొంతులోనే ఆగిపోయింది. షో మీద వేసిన జోకులన్నీ పేలాయి. మనిషి మీద వేసినవి తుస్సుమన్నాయి.

కానీ నిజాయితీ సంగతికొస్తే నా ఓటు హాట్‌వైవ్స్‌కే. "ఇది మేం రాశాం" అని పేర్లు వేసుకున్నారు. అసలు షోల్లోనూ కథ అల్లేవాళ్ళు ఉంటారు, స్టోరీ ప్రొడ్యూసర్ అనో స్టోరీ ఎడిటర్ అనో పిలుస్తారు, రచయిత అని మాత్రం అనరు. అలా అంటే రచయితల సంఘం రేట్లు ఇవ్వాలి, ఇన్సూరెన్స్ ఇవ్వాలి మరి! 2006లో ‘అమెరికాస్ నెక్స్ట్ టాప్ మోడల్’ అనే రియాలిటీ షోకి ఇదే పని చేసే డజను మంది, మమ్మల్నీ రచయితలుగా గుర్తించండని సమ్మె చేశారు. గుర్తింపు సంగతి దేవుడెరుగు, ఉన్న ఉద్యోగాలు ఊడాయి. మరుసటి ఏడాది హాలీవుడ్ రచయితలంతా సమ్మెకి దిగితే, ఆ ఖాళీలో చానళ్ళు ఇంకాస్త రియాలిటీని నింపుకున్నాయి. "స్క్రిప్టు లేదు" అనే మాట వెనకున్న లెక్క ఇది.

మనకీ ఇదేం తెలియని వ్యవహారం కాదు. 2017 నుంచి తెలుగు బిగ్ బాస్ చూస్తున్నాం. బయటికొచ్చిన కంటెస్టెంట్లు ఇంటర్వ్యూల్లో "నన్ను నెగటివ్‌గా చూపించారు, నేనన్నది సగమే వేశారు" అంటుంటే, "ఓడిపోయాక ఏడుపు" అని కామెంట్ పెట్టేది మనమే. ఒక్కసారి హాట్‌వైవ్స్ చూసి ఆ ఇంటర్వ్యూలు మళ్ళీ వినండి, సగం మంది మీద జాలేస్తుంది. మిగతా సగం మందికి గొడవపడితేనే ఫుటేజీ వస్తుందని ముందే తెలుసు, వాళ్ళ సంగతి వదిలేయండి.

2020లో నెట్‌ఫ్లిక్స్ మన దేశంలోనూ ‘ఫ్యాబులస్ లైవ్స్ ఆఫ్ బాలీవుడ్ వైవ్స్’ దింపింది. దాని మీద ఇలాంటి పేరడీ ఒకటి ఎవరైనా తీస్తే మొదటి రోజే చూస్తాను. వైన్ గ్లాసు పట్టుకున్న భార్యలు సరే, ఒక్క పాత్ర మాత్రం తప్పకుండా పెట్టండి. తెల్లవారుజామున మూడింటికి సిస్టమ్ ముందు కూర్చుని, "ఈవిడ మొహం తిప్పుకున్న షాట్ ఇంకోటి ఉందా?" అని వెతుక్కునే ఎడిటర్. ఆ ఎపిసోడ్ రాసినవాళ్ళ పేర్లు మాత్రం టైటిల్స్‌లో పెద్దక్షరాల్లో వేయండి, బాబూ.