కరువు ఏడాదిలో చెల్లే కార్డు కావాలి

పేదల ఆసుపత్రి ఖర్చు ప్రభుత్వమే కట్టే ఆరోగ్యశ్రీ గురించి, అమెరికాలో ఉంటున్న మన అనంతపురం వాళ్లకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. 2007 ఏప్రిల్‌లో ఆ పథకాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్, శ్రీకాకుళంతో పాటు మనదీ ఉంది. మూడూ వలస జిల్లాలే. అంతకు ముందు గుండె ఆపరేషన్ అంటే ఎమ్మెల్యే లెటర్ పట్టుకుని ముఖ్యమంత్రి సహాయనిధి కోసం హైదరాబాద్‌లో తిరగడమే. తెల్లకార్డు చేత్తో పట్టుకుని కార్పొరేట్ ఆసుపత్రికి పోవచ్చంటే మా ఊళ్లో చాలామంది నమ్మలేదు.

తర్వాత పేరు మారింది, ఆ పైన మళ్లీ మళ్లీ మారింది. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. మొదట్లో 2 లక్షలున్న పరిమితి 2023 డిసెంబరులో 25 లక్షలైంది. పథకాన్ని ఎత్తేసే ధైర్యం ఏ ప్రభుత్వమూ చేయలేదు, చేయదు కూడా. ఖజానాలో డబ్బు లేనప్పుడు కార్డు జోలికి ఎవరూ పోరు, ఆసుపత్రుల బిల్లులు ఆపేస్తారు. బకాయిలు పేరుకుంటాయి. పథకంలో చేరిన నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపుతామని నోటీసిస్తాయి. చర్చలు జరుగుతాయి, కొంత విడుదలవుతుంది, కొన్నాళ్లకు మళ్లీ మొదటికొస్తుంది. రెండు ప్రభుత్వాల హయాంలోనూ చూశాం కాబట్టి ఇందులో పార్టీ గొడవ అక్కర్లేదు.

కదిరి పక్క పల్లెలో ఉండే మా మేనమామకు ఒకసారి ఇదే జరిగింది. ఫోన్ చేసి, "కార్డుండాది గానీ ఇప్పుడు చేయరంటప్పా, దుడ్డు కడితే రేపే చేస్తారంట" అన్నాడు. శనక్కాయ పండిన ఏడాదైతే కట్టేవాడే. ఆ ఏడు వాన లేదు. ప్రభుత్వానికి డబ్బు కటకట వచ్చేదీ, రైతు చేతిలో పైసా ఆడనిదీ చాలాసార్లు ఒకే ఏడాది. బీమా పనికి రావాల్సింది సరిగ్గా అప్పుడే.

అమెరికాలో ఉన్న మనకు ఈ కథ కొత్తది కాదు. మసాచుసెట్స్ రాష్ట్రం 2006లో అందరికీ హెల్త్ ఇన్సూరెన్స్ అని చట్టం చేసింది. మాంద్యం వచ్చింది. 2009లో బడ్జెట్ సరిపోక, సబ్సిడీ పథకం నుంచి దాదాపు 30 వేల మందిని తప్పించారు. వాళ్లంతా చట్టబద్ధంగా వచ్చినవాళ్లు, ఎక్కువమందికి గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్లు నిండలేదు. వాళ్ల ఖర్చులో ఫెడరల్ ప్రభుత్వం వాటా ఇవ్వదు, పైగా వాళ్లకు ఓటు లేదు. బదులుగా తక్కువరకం పథకమొకటి ఇచ్చారు. అలా తప్పించడం రాజ్యాంగ విరుద్ధమని రాష్ట్ర సుప్రీం కోర్టు చెప్పేసరికి 2012 జనవరి వచ్చింది. డయాలసిస్ మీద ఉన్నవాడు తీర్పు కోసం రెండేళ్లకు పైగా ఆగగలడా?

అదే దేశంలో నేర్చుకోవాల్సిందీ ఉంది. ఉద్యోగాలు పోయినప్పుడు, ఫెడరల్ ప్రభుత్వమూ రాష్ట్రాలూ కలిసి ఖర్చు భరించే పేదల వైద్య బీమా మెడికెయిడ్‌లో చేరేవాళ్లు పెరుగుతారు, అదే సమయంలో రాష్ట్రాల పన్ను ఆదాయం పడిపోతుంది. అందుకే 2009లోనూ, కోవిడ్ వచ్చిన 2020లోనూ ఫెడరల్ ప్రభుత్వం తన వాటా పెంచింది. లోటు బడ్జెట్ నడపగలిగేది అదే కాబట్టి. మన దగ్గర కేంద్రం ఆరోగ్య బీమా ఆయుష్మాన్ భారత్ కింద ఖర్చులో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం అని లెక్క ఉంది. కరువు ప్రకటించిన ఏడాది ఆ 60ని పెంచమని ఢిల్లీలో మన ఎంపీలు అడగొచ్చు కదా.

2025 సెప్టెంబరులో రాష్ట్ర కేబినెట్ కొత్త పద్ధతికి ఒప్పుకుంది. 2.5 లక్షల దాకా ఇన్సూరెన్స్ కంపెనీ, ఆపైన 25 లక్షల దాకా ఈ పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు చూసుకుంటాయి. కంపెనీకి ప్రీమియం కట్టి తీరాలి కాబట్టి బిల్లులు వాయిదా వేసే అలవాటు కొంత తగ్గుతుందని నా ఆశ. క్లెయిములు కొట్టేయడంలో కంపెనీలకున్న నేర్పు ఇక్కడ అమెరికాలో మనందరికీ అనుభవమే, ఆ భయమూ ఉంది. నన్నడిగితే నెలలోపు బిల్లు కట్టే 5 లక్షల కార్డు, ఏడాది బాకీ పెట్టే 25 లక్షల కార్డు కన్నా నయం. మంచి ఏళ్లలోనే కొంత సొమ్ము పక్కన పెట్టి, దాన్ని వేరే ఖర్చుకు ముట్టుకోకుండా కట్టడి చేయాలి.

ఇక్కడి మన తెలుగు సంఘం ఏటా డిసెంబరులో మన ఊళ్లలో వైద్య శిబిరాలు పెడుతోంది. బీపీ చూసి మాత్రలిస్తాం. మంచిదే, కానీ బైపాస్ శిబిరంలో జరగదు. వచ్చే సభలకు ఎలాగూ మంత్రులొస్తారు. శాలువా కప్పే ముందు ఒక కాగితం చేతికిద్దాం: కర్నూలు, కడప, అనంతపురంలో ఏ ఆసుపత్రికి ఎన్ని నెలల బిల్లు బాకీ ఉందో ప్రతి నెలా ట్రస్టు వెబ్‌సైట్‌లో పెట్టించండి అని.