కాటన్ దొరకు దండ, మురుగు కాలువకు దండం

సంక్రాంతి నాలుగు రోజులూ ఫోను నిండా కోనసీమే. కొబ్బరి తోటలు, కాలువ గట్లు, కనుమనాడు నడుముల్లోతు నీళ్లలో కౌశిక నది దాటి జగ్గన్నతోట తీర్థానికి వెళ్లే ప్రభ, వెదురుతో కట్టి భుజాల మీద మోసేది. ఆ ప్రభను చూస్తే నాకూ ఒళ్లు పులకరిస్తుంది, కాదనను. కానీ అది దాటే కౌశిక మా పొలాల మురుగునీరు పోయే దారి కూడా అని ఎంతమందికి గుర్తుంటుంది?

మాది గోదావరి పాయలు గౌతమికీ వసిష్ఠకూ మధ్య చిన్న ఊరు. ఎవరిని అడిగినా గోదావరి మీద కాటన్ దొర కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట గురించి చెబుతారు. 1852లో అది పూర్తయ్యాకే మా తాతల ఇళ్లలో గాదెలు నిండాయి. మేము సాగు చేసే ఒక వరి రకానికి కాటన్ దొర సన్నాలు అని పేరు కూడా ఉంది. బాగుంది. నీళ్లు తెచ్చిన దొరకు దండ వేస్తాం. మరి వచ్చిన నీళ్లు బయటికి పోవాలి కదా! మాది సముద్రమట్టానికి పెద్ద ఎత్తులో లేని నేల. మురుగు కాలువలో గుర్రపుడెక్క అల్లుకుని, సముద్రం దగ్గర మొగ పూడితే రెండు రోజుల వానకే చేలు చెరువులవుతాయి.

2011 సార్వాలో, అంటే ఖరీఫ్‌లో, కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి నాట్లు వేయలేదు. గిట్టుబాటు ధర గురించి అందరూ మాట్లాడారు. ముంపు మాట మాత్రం ఆ సందడిలో కలిసిపోయింది.

మొన్న సార్వాలో మా బాబాయి కౌలు చేను కోతకు వచ్చి పడిపోయింది. ఐదు రోజులు నీళ్లలోనే ఉంది, కంకుల్లో మొలకలు వచ్చాయి. నష్టం రాసుకోవడానికి వచ్చినాయన ముందు అడిగింది, పొలం ఎవరి పేరున ఉందని. 2019 చట్టం ప్రకారం కౌలు రైతుకు గుర్తింపుగా ఇచ్చే సాగుదారు పత్రానికి యజమాని సంతకం కావాలి. ఆ యజమాని హైదరాబాదులో ఉంటారు. సంతకం అడిగితే వచ్చే ఏడు చేను ఇంకొకరికి ఇస్తారేమోనని బాబాయి నోరు విప్పడు. కౌలుకు ఇవ్వాల్సిన ధాన్యం, మకతా, మాత్రం లెక్క ప్రకారం కొలిచి ఇచ్చాడు, మొలకెత్తిన గింజకు తగ్గింపు లేదు.

పండక్కి వచ్చిన బంధువులు మాత్రం గట్టు మీద నిలబడి, "మీకేమిట్రా, స్వర్గంలో ఉన్నారు" అన్నారు. బాబాయి నవ్వి, కొబ్బరి బొండాలు కొట్టి ఇచ్చాడు. వాళ్ల కారు వెళ్లగానే కొడవలి, తాడు పట్టుకుని గుర్రపుడెక్క లాగడానికి మురుగు కాలువ వైపు నడిచాడు.