కంపెనీలు దాచేశాయట!

మళ్లీ వచ్చింది. బంధువుల గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో, చివరికి పాత క్లాస్‌మేట్ల గ్రూపులో కూడా. "లివర్ కాన్సర్ కణాల పొర నిండా హార్మోన్ రిసెప్టర్లే. వాటిని మూసేస్తే కాన్సర్ మాడిపోతుంది. రొమ్ము కాన్సర్‌కు వాడే టామోక్సిఫెన్ మాత్ర చాలు, ఆపరేషన్లు వద్దు. కంపెనీలు దాస్తున్నాయి. మగవాళ్లకే ఎక్కువ రావడం రుజువు. సోయా మానండి." కింద వరసగా దండాలు.

సోయాకు జవాబు రాయడం దండగ.

రిసెప్టర్ అంటే హార్మోన్‌ను పట్టుకునే అణువు. టామోక్సిఫెన్ మూసేది ఆడ హార్మోనైన ఈస్ట్రోజెన్ రిసెప్టర్లను. అవి ఎక్కువగా ఉండేది పొర మీద కాదు, కణం లోపల కేంద్రకంలో. పొర మీదా కొన్ని ఉన్నమాట నిజమే. ఉంటే? తలుపుకి గొళ్లెం ఉందని ఇల్లు గొళ్లెం మీద నిలబడదు కదా.

అసలు విషమంతా ఆ మాత్ర దగ్గరుంది. ఎక్కడ దాచారు బాబూ? 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలోనే అచ్చేశారు. ఇటలీలో 496 మంది రోగుల్లో కొందరికి టామోక్సిఫెన్ ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా చూశారు. ఆయుష్షులో తేడా రాలేదు. డోసు చాల్లేదేమో అంటారా? ఆ ముచ్చటా తీరింది. ఆసియా-పసిఫిక్ దేశాల్లో 329 మందిపై చేసిన పరీక్ష 2002లో వచ్చింది. కొందరికి రోజుకు 120 మిల్లీగ్రాములు ఇచ్చారు. మూడు నెలలు తిరిగేసరికి వాళ్లకన్నా ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లే ఎక్కువమంది మిగిలారు. పైగా టామోక్సిఫెన్ దుష్ఫలితాల్లో ఫ్యాటీ లివర్ ఒకటి. లివర్ రోగికి భలే మందు! కోసి తీసేయగలిగిన చిన్న గడ్డ ఉన్న మనిషి ఇది నమ్మి ఆర్నెల్లు ఇంట్లో కూర్చుంటే, అది లివర్‌కు రక్తం తెచ్చే పోర్టల్ సిరలోకి పాకాక సర్జన్ మాత్రం ఏం చేస్తాడు? అప్పుడూ దండాలే పెడతారా?

మగవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువ, ఒప్పుకుంటా. ఎలుకల్లో ఈస్ట్రోజెన్ ఈ కాన్సర్ రాకుండా అడ్డుపడుతోందని 2007లో తేలింది కూడా. అంటే మీ లెక్క ప్రకారమే, కాపాడేదాని నోరు నొక్కమంటున్నారన్నమాట!

ఒక్కటి మాత్రం చెప్పాలి. సొమాటోస్టాటిన్ అనే మరో హార్మోన్ రిసెప్టర్లు నిజంగా పొర మీదే ఉంటాయి, కొన్ని లివర్ కాన్సర్లలో కనిపిస్తాయి. వాటిని పట్టుకునే ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్‌ను 1998లో గ్రీసులో 58 మందిపై పరీక్షించారు. మందు పడినవాళ్లలో సగంమంది 13 నెలలు దాటారు, పడనివాళ్లలో సగంమంది 4 నెలలకే పోయారు. అది చదివితే ఎవరికైనా ఆశ పుడుతుంది, నాకూ పుట్టింది. తర్వాత జర్మనీలో, ఫ్రాన్స్‌లో ఇంకా ఎక్కువమందిపై చూస్తే ఆ తేడా కనబడలేదు. అయినా ఈ మెసేజీలో కాస్త పస ఉండగలిగిన ముక్క అదొక్కటే, దాని ఊసే లేదు.