మార్కులు పిల్లోడికి, చూపులు దూడకి

గుర్రాల షోమన్‌షిప్ పోటీలో మార్కులు గుర్రానికి వెయ్యరు, దాన్ని పట్టుకుని నడిపించే మనిషికి వేస్తారు. గుర్రం అందగత్తె కాకపోయినా ఫరవాలేదు. దాన్ని శుభ్రంగా తోమి, తలకి హాల్టర్ కట్టి, చెప్పినచోట నడిపించి, ఆపి, తిప్పి, వెనక్కి నడిపించి, నాలుగు కాళ్లూ సమానంగా పెట్టించి నిలబెట్టగలిగితే బహుమతి పట్టుకున్నవాడిదే. అమెరికాలో ఫోర్-హెచ్ అనే పిల్లల క్లబ్బుల్లో బడిపిల్లలకి దీనికోసం కోచింగ్ కూడా ఇస్తారు. ఈ మాట టెక్సాస్‌లో చెబితే తలూపుతారు. ఒంగోలు చుట్టుపక్కల చెబితే మాత్రం చెప్పినవాణ్ణి అదోలా చూస్తారు. పశువు పక్కన నిలబడ్డాక మనిషి మొహం చూసేదెవరు ఇక్కడ?

2002లో హైదరాబాదులో జాతీయ క్రీడలు జరిగాయి. ఎవరు ఎంత దూరం దూకారో, ఎవరికి ఏ పతకం వచ్చిందో మా ఊళ్లో ఒక్కరికీ గుర్తులేదు. ఆ పోటీల మస్కట్ ఒంగోలు గిత్త అనీ, దానికి ‘వీర’ అని పేరు పెట్టారనీ మాత్రం పుట్టీపుట్టని పిల్లలక్కూడా తెలుసు.

అట్టాంటి ఊళ్లో షోమన్‌షిప్ నేర్పుతానని బయల్దేరారు మా డ్రిల్లు మాస్టారు. కాలేజీ రోజుల్లో ఆయన ఎన్‌సీసీలో రిమౌంట్ అండ్ వెటర్నరీ విభాగం, అంటే గుర్రాలెక్కే విభాగం. ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లలచేత కబడ్డీ ఆడించినా ఆయన మనసు గుర్రం మీదే ఉంది. రిటైరయ్యాక చేతిలోకి స్మార్ట్‌ఫోన్ వచ్చింది. అందులో అమెరికా పిల్లలు టోపీలు పెట్టుకుని గుర్రాలని నడిపించే వీడియోలు కనపడ్డాయి. ఇంకేముంది, “మన పిల్లలకేం తక్కువ?” అన్నారు.

తక్కువైంది గుర్రం. ఒంగోల్లో పెళ్లి ఊరేగింపులకి గంటల లెక్కన అద్దెకిచ్చే గుర్రాన్ని ఒక సాయంత్రం తెప్పించారు. అది డప్పు కొట్టందే అడుగు వెయ్యదు, డప్పు కొడితే ఆగదు. అద్దె కట్టి పంపించేసి, “సూత్రం ముఖ్యం, జంతువు ఏదైతేనేం” అని మాస్టారు సంక్రాంతి పండక్కి జరిగే లేగదూడల ప్రదర్శన మీద పడ్డారు. దూడ మా బావ వాళ్లది, పాలపళ్ల మీదున్న ఒంగోలు కోడె. పట్టుకునేది వాళ్ల అబ్బాయి, అంటే మా అక్క కొడుకు, ఏడో తరగతి.

కోచింగ్ బడి వెనక ఖాళీ స్థలంలో మొదలైంది. మేము చూడటానికి వెళ్లేవాళ్లం. ఊళ్లో అంతకంటే మంచి కాలక్షేపం లేదు.

మొదటి పాఠం, ఎడమ పక్క. “జంతువుకి ఎప్పుడూ ఎడమ పక్కనే నడవాలి. పూర్వం సైనికుల కత్తి ఎడమ తుంటికి వేలాడేది. అది అడ్డం పడకుండా గుర్రాన్ని ఎడమ నుంచే ఎక్కేవాళ్లు. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు” అని వివరంగా చెప్పారు మాస్టారు.

మా బావ వాళ్ల నాన్న అక్కడే నులకమంచం మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటున్నాడు. “ఎడమ ఏంది, దాపట అను మాస్టారూ, దూడక్కూడా అర్థమవుద్ది” అన్నాడు.

తాడు చేతికి చుట్టుకోకూడదు, మడతలు పెట్టి పట్టుకోవాలి, లేకపోతే జంతువు బెదిరి లాగినప్పుడు వేళ్లు పోతాయి అన్నది రెండో పాఠం. దీనికి మాత్రం ఎవరూ నవ్వలేదు. పలుపు చేతికి చుట్టుకుని వేలు పోగొట్టుకున్నవాళ్లు అరకలు కట్టిన ఊళ్లన్నిట్లోనూ ఉంటారు.

మూడోది, ప్రదర్శన జరుగుతున్నంతసేపూ జంతువుని చేత్తో ముట్టకూడదు. ముడితే మార్కులు తగ్గిస్తారు. వాడు ముట్టలేదు. దూడే వాణ్ణి ముట్టింది. దానికి పుట్టినప్పటినుంచీ వాడి చొక్కా కొస నమలడం అలవాటు. దూడ పిల్లోణ్ణి నమిలితే ఎన్ని మార్కులు పోతాయో ఆ వీడియోల్లో లేదు.

నాలుగు కాళ్లూ సమానంగా నిలబెట్టడానికి చాలా రోజులు పట్టింది. ఉలవల బొచ్చె ఎదురుగా పెడితే దూడ శిల్పంలా నిలబడేది. బొచ్చె తీస్తే ఒక కాలు ముందుకొచ్చేది. “పోటీలో బొచ్చె ఉండదురా” అని మాస్టారు దూడకే చెప్పడం నేను చెవులారా విన్నాను.

అసలు కథంతా అయిదో పాఠంలో ఉంది. దాన్ని క్వార్టర్ పద్ధతి అంటారు. దూడని మనసులోనే నాలుగు భాగాలు చేసుకోవాలి. జడ్జి దూడ ముందు భాగంలో ఒక పక్కన ఉంటే పిల్లోడు రెండో పక్కకి పోవాలి. జడ్జి అదే పక్కన వెనక్కి నడిస్తే పిల్లోడు ఆయనున్న పక్కకి రావాలి. జడ్జి తోక దాటి అవతలికి వెళ్లగానే మళ్లీ మారాలి. అప్పుడు జడ్జి చూపుకి పిల్లోడు అడ్డం రాడు. జడ్జి ఎటున్నాడో, దూడ వెనక భాగం ఎటు ఊగుతోందో పిల్లోడికి ఎప్పుడూ తెలుస్తూ ఉంటుంది. మాస్టారు నేలమీద ముగ్గుపిండితో గీతలు గీసి, జడ్జి వేషం తానే వేసి, దూడ చుట్టూ తిరిగి తిరిగి నేర్పారు. మావాడు చురుకైనవాడు. వారంలో చేప పిల్లలా అటూ ఇటూ మెసలడం నేర్చుకున్నాడు. దాంతోపాటు జడ్జి కళ్లలోకి సూటిగా చూడటం, చిరునవ్వు చెదరనివ్వకపోవడం కూడా నేర్చుకున్నాడు.

“ఇదంతా ఎందుకు మాస్టారూ?” అన్నాడు పెద్దాయన. “కరవది నుంచి బ్రెజిల్ పోయిన ఆంబోతుకి అక్కడోళ్లు ఆ ఊరి పేరే పెట్టుకున్నారు. మన గొడ్లని వాళ్లు నెల్లూరు పేరుతోనే పిలుస్తా ఉండారు. ఆ జాతి ఆవు ఒకదాంట్లో మూడో వంతు వాటా 2023లో వేలం వేస్తే దాని మొత్తం విలువ 40 లక్షల డాలర్లు దాటిందంట. దాని పలుపు పట్టుకున్నోడి పేరు ఎవరికన్నా తెలుసా?”

“తెలియాలి! అదే నా బాధ” అన్నారు మాస్టారు.

ప్రదర్శన ముందురోజు దూడకి తలంటారు. కొమ్ములింకా మొలకలే అయినా వాటికి ఆముదం పట్టించారు, గిట్టలు తోమారు. ధోవతులకి పెట్టినట్టే ఆఖరి చెంబులో చిటికెడు నీలిమందు కలిపింది నాయనమ్మ. తెలుపు బాగా తేలింది కానీ, ఎడమ చెవి దగ్గర నీళ్లు నిలిచి అది ఆకాశం రంగుకి తిరిగింది. మర్నాటికల్లా పోతుంది అన్నారు. పోలేదు.

ప్రదర్శనకి పాతిక ముప్ఫై దూడలొచ్చాయి. మిగతావాళ్లందరూ పలుపు పట్టుకుని దూడ మూతి దగ్గర అడ్డంగా నిలబడి పక్కవాడితో కబుర్లాడుతున్నారు. మావాడు తెల్ల చొక్కా టక్ చేసుకుని, ఎడమ పక్కన నిటారుగా, చిరునవ్వుతో సిద్ధంగా ఉన్నాడు. మాస్టారు తాడు అవతల చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి పెదాలతో పాఠం వల్లెవేస్తున్నారు.

జడ్జి పెద్దమనిషి, ఎడ్లు పెంచిన రైతు. ఆయనకి మార్కులంటే మూపురం, గంగడోలు, నడుం పొడవు, కంటి చుట్టూ నలుపు, తోక కుచ్చు నలుపు. వచ్చి దూడ ముందు నిలబడ్డాడు. మావాడు ఆయన కళ్లలోకి చూసి నవ్వాడు.

“ఏందిరా, అట్టా గుడ్లప్పగించి చూస్తా ఉండావ?” అన్నాడాయన.

మావాడు ఇంకాస్త నవ్వాడు. జడ్జి కుడి పక్కకి జరిగాడు. మావాడు ఎడమ పక్కే ఉండి మరింత నిటారుగా నిలబడ్డాడు. జడ్జి ఎడమ పక్కకి వచ్చాడు. మావాడు చటుక్కున కుడి పక్కకి దూకాడు. ఆయనకి అనుమానం వచ్చింది. వెనక్కి నడిచాడు. వీడు ఆయన పక్కకే వచ్చి నిలబడ్డాడు. తోక దాటి అవతలికి వెళ్లాడు. వీడూ అటే.

“ఏం దాస్తా ఉండావురా? దూడకి ఏదో లోపముంది, కప్పెడుతున్నాడు వీడు!” అని గట్టిగా అనేసి ఆయన అడుగుల వేగం పెంచాడు. ఆయన ఎంత వేగంగా తిరిగితే వీడు అంత వేగంగా పక్క మారాడు. దూడకి చొక్కా కొస ఎటుపోతే అటు తిరగడం అలవాటు కాబట్టి అదీ తిరగడం మొదలెట్టింది. ఇక ముందేదో, వెనకేదో, ఏది ఎవరి క్వార్టరో దేవుడికే తెలియాలి. జనం దూడల్ని వదిలేసి ఇటొచ్చి చేరారు. మైకాయన “జడ్జిగారూ, నిదానం, నిదానం” అన్నాడు. మాస్టారు మాత్రం “శభాష్! పాదాలు చూడండి, పాదాలు!” అని కేకలు.

చివరికి జడ్జి ఆయాసంతో ఆగి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, దూడ చెవి పట్టుకున్నాడు. నీలంగా ఉంది. వేలితో రుద్ది, వాసన చూసి, “ఓస్, ఇదా నువ్వు దాచింది?” అని పకపకా నవ్వాడు. దాపరికమేదో దొరికేసరికి ఆయన మనసు కుదుటపడ్డట్టుంది. మిగతాదంతా తీరిగ్గా చూసి, మూపురం తడిమి, రెండో బహుమతి ఇచ్చాడు.

మాస్టారు పరుగున వెళ్లి, “అయ్యా, పిల్లోడు ఎట్టా చేశాడు?” అని అడిగారు.

“ఏ పిల్లోడు?” అన్నాడాయన.

సర్టిఫికెట్టు వారం తర్వాత ఇంటికొచ్చింది. దూడ వివరాలూ పట్టుకున్నవాడి వివరాలూ పక్కపక్కనే రాసి ఇచ్చిన కాయితం చూసి ఎవరో నింపినట్టున్నారు. పేరు దగ్గర మా అక్క కొడుకు పేరు, ఇంటిపేరుతో సహా తప్పులేకుండా ఉంది. తండ్రి పేరు దగ్గర ‘చదలవాడ ఫారం ఆంబోతు’ అని ఉంది. వయసు పదకొండు నెలలు. పళ్లు, పాలపళ్లు.

మా బావ దాన్ని రెండుసార్లు చదివి మాస్టారి చేతికిచ్చాడు. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని చూశారు. ఆయన మొహం వెలిగిపోయింది. “చూశారా బాబూ, పట్టుకున్నవాడి పేరు వేశారు!” అన్నారు.

మంచం మీంచి పెద్దాయన చెయ్యి చాపి కాయితం తీసుకున్నాడు. మనవడి తండ్రి పేరు దగ్గర వేలు పెట్టి, కూడబలుక్కుని చదువుకుని, కొడుకు వైపు ఎగాదిగా చూశాడు.

“పోన్లే, మంచి జాతే పడింది” అన్నాడు.