రిపోర్టుకు ఏ నీరసమూ లేదు

ముందే చెప్పేస్తున్నా, నేను థైరాయిడ్ రక్తపరీక్ష రిపోర్టు పక్షం. మనిషికీ కాగితానికీ గొడవ వస్తే కాగితం వైపే నిలబడాలి, ఎందుకంటే కాగితం మీద బార్‌కోడ్ ఉంటుంది, కింద సంతకం ఉంటుంది, అంకెలు చుక్క దాటి రెండు స్థానాల దాకా ఉంటాయి. మనిషి దగ్గర ఏముంది? "ఒంట్లో ఓపిక ఉండట్లేదండీ" అనే ఒక్క మాట. దానికి యూనిట్లు లేవు, రిఫరెన్స్ రేంజ్ లేదు, ఏ మెషీన్ మీద చూశారో అసలే లేదు.

అయినా ఈమధ్య కాగితాన్ని లెక్కచేయని మొండి మనుషులు ఎక్కువైపోయారు. థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్ టీఎస్‌హెచ్ 2.3, థైరాయిడ్ తయారుచేసే హార్మోన్ ఫ్రీ టీ4 1.2, రెండూ నార్మల్ గీత లోపలే బుద్ధిగా కూర్చున్నాయి, వీళ్లకి మాత్రం నీరసమట. ఎనిమిది గంటలు పడుకుని లేచినా పడుకోనట్టే ఉంటుందట, మెట్లెక్కితే కాళ్లు లాగేస్తాయట, దువ్వెన నిండా జుట్టు వస్తుందట, గదిలో అందరూ ఫ్యాన్ పెంచమంటుంటే వీళ్లకి చలేస్తుందట, మాట్లాడుతూ మాట్లాడుతూ ఏం చెప్పబోయారో మర్చిపోతారట. ఇదంతా థైరాయిడే అని వాళ్లకి వాళ్లే తీర్పు ఇచ్చేసుకుని పరీక్షకి వెళ్తారు. నార్మల్ అని వస్తుంది. మర్నాడు పొద్దున బొత్తిగా సిగ్గులేకుండా మళ్లీ అలసిపోయే లేస్తారు!

ఆ రిపోర్టు ఫోన్‌కి వచ్చిన క్షణం ఆ మనిషిని గమనించండి. రెండు వేళ్లతో పేజీ పెద్దది చేసి, కుడి పక్కన ఎక్కడైనా ఎక్కువని చెప్పే హెచ్ గానీ తక్కువని చెప్పే ఎల్ గానీ ఉందా, ఒక్క అంకె అయినా లావు అక్షరాల్లో ఉందా అని కిందికీ పైకీ జరుపుతూ వెతుకుతుంది. లేదు. ఇంకోసారి మొదటినుంచి చూస్తుంది. ఏ స్టారూ లేదు, ఏ ఎర్ర రంగూ లేదు. మొహం వాడిపోతుంది. జబ్బు లేదని తెలిసి దిగులుపడే జాతి ప్రపంచంలో ఇదొక్కటే. ఆ దిగులుతోనే డాక్టరు దగ్గరికి వెళ్తుంది.

"ఏమీ లేదమ్మా, అంతా నార్మల్."

"మరి ఈ నీరసం సార్?"

"టెన్షన్ తగ్గించుకోండి. రోజూ ఒక గంట నడవండి."

నడిచే ఓపిక లేదని చెప్పుకోవడానికి వచ్చిన మనిషికి నడక రాసి పంపడం వైద్యంలోని సూక్ష్మం, మనలాంటివాళ్లకి అర్థం కాదు.

ఆమె దిగులు ఎందుకో నాకు తెలుసు. థైరాయిడ్ పరువున్న జబ్బు. మెడలో దాదాపు ఇరవై గ్రాములుండే ఆ గ్రంథి మీద ఏ నింద వేసినా పడి ఉంటుంది, తిరిగి మాట్లాడదు. బరువు పెరిగినా అదే, కోపం వచ్చినా అదే, గిన్నెలు సింక్‌లోనే ఉండిపోయినా అదే. "నాకు థైరాయిడ్ అండీ" అంటే ఎదుటివాళ్లు తల ఊపుతారు, "మా చెల్లెలికీ ఉంది" అంటారు, కుర్చీ చూపిస్తారు. "నాకు ఊరికే అలసటగా ఉంటోందండీ" అంటే "ఎవరికి లేదు?" అంటారు. అంటే ఆవిడ ల్యాబ్‌కి వెళ్లింది జబ్బు కోసం కాదు, కాసేపు పడుకోవడానికి అనుమతి పత్రం కోసం. అది రాలేదు, పైగా వచ్చిన కాగితం ఇంట్లో వాళ్ల చేతికి ఆయుధమైంది. "నార్మలే అన్నారటగా వదినా, మరి ఇంకా పడుకున్నావేంటి?"

పాతరోజుల్లో డాక్టర్లకి ఈ సౌకర్యం లేదు, పాపం. 1873లో లండన్‌లో విలియం గల్ థైరాయిడ్ తగ్గే ఈ జబ్బును వర్ణించినప్పుడు గానీ, 1878లో విలియం ఆర్డ్ దానికి మిక్సిడీమా అని పేరు పెట్టినప్పుడు గానీ చేతిలో ఒక్క అంకె కూడా లేదు. ఉబ్బిన మొహం, మొద్దుబారిన మాట, పొడిబారిన చర్మం... ఇవన్నీ కూర్చుని చూడాల్సి వచ్చేది. 1891లో జార్జ్ ముర్రే గొర్రె థైరాయిడ్ రసాన్ని ఒకామెకి ఇంజెక్షన్‌గా ఇచ్చి, బాగుపడిందా లేదా అన్నది ఆమెనే చూసి తేల్చుకున్నాడు. ఎంత అనాగరికం! ఆ తర్వాత యాలో, బెర్సన్ అనే ఇద్దరు రక్తంలోని హార్మోన్లను అతి తక్కువ మోతాదులో కూడా కొలిచే పద్ధతి కనిపెట్టారు, అందుకు 1977లో రోజలిన్ యాలోకి నోబెల్ వచ్చింది (బెర్సన్ అప్పటికే పోయారు, లేకపోతే ఆయనకీ వచ్చేదే). ఆ మహత్తర ఆవిష్కరణ తర్వాత మనిషి మొహం చూసే బాధ తప్పింది, స్క్రీన్ చూస్తే చాలు.

రిపోర్టు తరఫు వకీలుగా ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. టీఎస్‌హెచ్ నిజంగానే మంచి పరీక్ష. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి రక్తంలో థైరాయిడ్ హార్మోన్ ఎంతుందో కాపలా కాస్తుంటుంది, అది కాస్త తగ్గితే చాలు టీఎస్‌హెచ్‌ని ఎన్నో రెట్లు పెంచేస్తుంది. పిట్యూటరీయే పాడైతే తప్ప (అప్పుడు టీఎస్‌హెచ్ నార్మల్‌గానే కనబడవచ్చు, ఫ్రీ టీ4 మాత్రం పడిపోతుంది, రెండూ చూడాలనేది అందుకే) ఈ కాపలా అంత తేలిగ్గా మోసపోదు. కాబట్టి "థైరాయిడ్ తగ్గిందా?" అని అడిగితే రిపోర్టు చాలావరకు నిజమే చెబుతుంది. "ఈమె ఎందుకు అలసిపోతోంది?" అని దాన్ని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పడం దాని వల్ల కాదు.

ఇక ఆ పవిత్రమైన గీతలు ఎక్కడినుంచి వచ్చాయో తెలుసుకుంటే భక్తి ఇంకా పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్నారనుకున్న జనాన్ని పోగేసి, పరీక్ష చేసి, మధ్యలోని 95 శాతాన్ని ఉంచుకుని, రెండు చివర్లా రెండున్నర శాతం చొప్పున కోసేస్తారు. అంటే కోతలో పోయినవాళ్లు కూడా ఆరోగ్యవంతులే! టీఎస్‌హెచ్‌కి పై గీత సుమారు 4 దగ్గర ఉంటుంది, ల్యాబ్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ. 2003లో అమెరికాలో కొందరు నిపుణులు, గట్టిగా జల్లెడ పడితే నిజమైన ఆరోగ్యవంతుల్లో 95 శాతానికి పైగా 0.4కీ 2.5కీ మధ్యే ఉంటారని అన్నారు, దాంతో గీతను కిందికి దించాలా వద్దా అని ఏళ్ల తరబడి వాదించుకున్నారు. గీత దించి ఉంటే లక్షలాదిమంది ఒక్క పూటలో, మంచం దిగకుండానే రోగులయ్యేవాళ్లు. మన మొండిమనిషి ఆశ కూడా అదే, ఎవరైనా పుణ్యాత్ముడు గీత కాస్త దించితే బాగుండునని.

డెన్మార్క్‌లో 16 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ల రక్తాన్ని నెల నెలా ఏడాదిపాటు తీసి చూశారు, ఫలితం 2002లో వచ్చింది. ఒక్కో మనిషి అంకెలు తన సొంత పరిధిలోనే తిరుగుతాయి, ఆ పరిధి జనాభా మొత్తానికి గీసినదాంట్లో దాదాపు సగమే. చెప్పుల షాపులో 6 నుంచి 10 దాకా అన్నీ నార్మల్ సైజులే, మీ కాలు 7 అయితే 10 తొడుక్కుని రోజంతా తిరిగి చూడండి. అయినా ఇలాంటివి రోగుల ముందు మాట్లాడకూడదు, పేట్రేగిపోతారు.

పేట్రేగినవాళ్లు ఏం చేస్తారంటే, జుట్టు ఊడుతోంది కదా అని బయోటిన్ అనే విటమిన్ బిళ్లలు మింగుతారు. ఇక్కడ కథ రంజుగా ఉంటుంది. చాలా ల్యాబుల్లో హార్మోన్ పరీక్ష చేసే పద్ధతిలో బయోటిన్ కూడా ఒక భాగం, రక్తంలో అది ఎక్కువగా ఉంటే లెక్క తారుమారవుతుంది, టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగానూ టీ4 ఎక్కువగానూ చూపిస్తుంది. థైరాయిడ్ తగ్గిందేమోనని భయపడి, ఆ భయంతో బిళ్ల వేసుకుని, ఆ బిళ్ల పుణ్యమా అని థైరాయిడ్ ఎక్కువైందని రిపోర్టు తెచ్చుకోవడం అన్నమాట. అమెరికాలో మందుల మీద నిఘా ఉంచే ఎఫ్‌డీఏ 2017లో దీనిమీద హెచ్చరిక కూడా జారీ చేసింది. పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపమని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ చెబుతుంది. అయితే ఆపమని చెప్పాలంటే వేసుకుంటున్నారా అని ముందు అడగాలి కదా. జుట్టు బిళ్లని మందు అని ఎవరూ అనుకోరు, వేసుకునేవాళ్లు కూడా.

డాక్టరు చేతులు దులుపుకున్నాక మన మనిషి రెండో పక్షం చేతికి చిక్కుతుంది. వీళ్లు ఫోన్‌లో ఉంటారు. వీళ్ల సిద్ధాంతం ఒకటే, రిపోర్టు ఏదైనా జబ్బు థైరాయిడే. టీఎస్‌హెచ్ ఎక్కువుంటే థైరాయిడ్, నార్మల్‌గా ఉంటే దాక్కున్న థైరాయిడ్. చంకలో థర్మామీటర్ పెట్టుకోమంటారు, టెంపరేచర్ కాస్త తగ్గితే రుజువైపోయినట్టే. ల్యాబుల్ని నమ్మొద్దని అరగంట ఉపన్యాసం చెప్పి, చివర్లో అదే ల్యాబ్‌లో చేయించుకోవాల్సిన ఇరవై పరీక్షల ప్యాకేజీ చేతిలో పెడతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేయిస్తే, పైన చెప్పిన 95 శాతం లెక్క ప్రకారమే, నిక్షేపంగా ఉన్న మనిషికి కూడా కనీసం ఒకటి గీత దాటే అవకాశం 64 శాతం. అదిగో, వచ్చింది హెచ్! ఆవిడ కళ్లలో ఎన్నాళ్లకో వెలుగు.

బ్రిటన్‌లో కొందరు డాక్టర్లు ఈ తగాదా తేలుద్దామని చూశారు. లక్షణాలున్నా రిపోర్టు నార్మల్ అని వచ్చిన 25 మందికి 12 వారాలు థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ బిళ్ల), మరో 12 వారాలు ఉత్తుత్తి బిళ్ల, ఏది ఏదో వాళ్లకి తెలియకుండా ఇచ్చారు. 2001లో వచ్చిన ఫలితం ఏంటంటే థైరాక్సిన్ ఉత్తుత్తి బిళ్ల కంటే మెరుగ్గా ఏమీ చేయలేదు, ఆ మాటకొస్తే ఉత్తుత్తి బిళ్ల మీద కూడా కొన్ని విషయాల్లో వాళ్లకి బాగానే అనిపించింది. దీన్ని పట్టుకుని "చూశారా, అంతా మనసులోనే ఉంది" అన్నవాళ్లున్నారు. నాకు మాత్రం వేరే అనుమానం. ఆ బిళ్లతోపాటు "ఇప్పుడెలా ఉందమ్మా?" అని అడిగి జవాబు రాసుకునే మనిషి కూడా దొరికాడు కదా, అలాంటివాడు మామూలుగా ఎక్కడ దొరుకుతాడు? (అవసరం లేకుండా థైరాక్సిన్ ఎక్కువైతే గుండె లయ తప్పవచ్చు, ఎముకలు బలహీనపడవచ్చు, అది వేరే సంగతి. పక్కింటావిడ సీసాలోంచి అప్పు తెచ్చుకునేవాళ్లు ఈ బ్రాకెట్ రెండుసార్లు చదవండి.)

డాక్టరు పక్షం, ఫోన్ పక్షం బద్ధశత్రువులు గానీ ఒక్క విషయంలో మాత్రం వాళ్ల ఐకమత్యం చూడముచ్చటగా ఉంటుంది. థైరాయిడ్ ఉందా లేదా అన్నదే ప్రశ్న, ఇంకో ప్రశ్న అడగరాదు. రాత్రిళ్లు గురక పెడతారా, మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతోందా అని అడిగితే స్లీప్ ఆప్నియా బయటపడొచ్చు, అడగరు. హిమోగ్లోబిన్ బాగుంది కాబట్టి ఐరన్ బాగున్నట్టే అనుకుంటారు, లోపల నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ జోలికి పోరు. రక్తహీనత లేకపోయినా ఫెరిటిన్ 50 కంటే తక్కువున్న 198 మంది స్త్రీలకు 12 వారాలు ఐరన్ లేదా ఉత్తుత్తి బిళ్ల ఇచ్చి చూసిన అధ్యయనం 2012లో వచ్చింది, ఐరన్ వేసుకున్నవాళ్ల అలసట దాదాపు సగానికి తగ్గింది, మిగతావాళ్లది మూడో వంతు కూడా తగ్గలేదు. విటమిన్ బీ12 లోపం ఉంది, బీ12ని తగ్గించే షుగర్ బిళ్ల మెట్‌ఫార్మిన్ ఉంది, మత్తు తెచ్చే అలర్జీ బిళ్లలున్నాయి, బీపీకి వాడే బీటా బ్లాకర్లున్నాయి, డిప్రెషన్ ఉంది. చిన్న పని చేసినా మర్నాటికి మంచం పట్టించే ఎంఈ/సీఎఫ్‌ఎస్ అనే దీర్ఘకాలిక అలసట జబ్బు ఉంది, దాన్ని తేల్చే రక్తపరీక్ష ఇప్పటికీ ఏదీ లేదు, కాబట్టి రిపోర్టు పక్షం లెక్కలో అది పుట్టనే లేదు. వీటన్నిటినీ అడిగి తెలుసుకోవాలంటే అరగంట పడుతుంది, రక్తం తీయడానికి రెండు నిమిషాలు చాలు. అందుకే రక్తం తీస్తారు.

అందువల్ల ఈ గందరగోళానికి ఒక చట్టం కావాలని నా ప్రతిపాదన. రిపోర్టు నార్మల్ వచ్చిన వ్యక్తి అలసిపోవడం నేరం. పగటిపూట ఆవులిస్తే మొదటిసారి హెచ్చరిక, రెండోసారి విటమిన్ డి. "ఎవరికి లేదు నీరసం?" అని అడిగిన బంధువులకి ప్రశంసాపత్రం. అయినా సరే, నాకు నిజంగానే నీరసంగా ఉందని ఎవరైనా పట్టుబడితే వాళ్ల కోసం దరఖాస్తు ఫారం పెడదాం, నలభై పేజీలు, మూడు కాపీలు, చేత్తోనే నింపాలి, లిఫ్ట్ లేని నాలుగో అంతస్తులో స్వయంగా అందజేయాలి. సగంలో ఆపేసినవాళ్లకి అంత అవసరం లేదన్నమాట. మొత్తం నింపి, మెట్లెక్కి, సంతకం పెట్టి ఇచ్చినవాళ్లకి ఓపిక నిక్షేపంగా ఉన్నట్టే, వాళ్ల దరఖాస్తు అక్కడికక్కడే కొట్టేస్తారు.