విముక్తి ఉత్తర్వులో ఎవరూ చదవని సగం

అమెరికాలో జూన్ 19 బానిసత్వ విముక్తి దినం. 1865లో ఆ రోజున టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌లో జనరల్ గోర్డన్ గ్రేంజర్ ఉత్తర్వు జారీ చేయడంతో, అధ్యక్షుడు లింకన్ చేసిన బానిస విముక్తి ప్రకటన అమలులోకి వచ్చిన రెండున్నరేళ్లకు, అక్కడి దాదాపు రెండున్నర లక్షల మందికి స్వేచ్ఛ అందిందన్నది అందరికీ తెలిసిన కథే. కానీ బానిసలంతా స్వతంత్రులని ప్రకటించిన ఆ ఉత్తర్వే, ఉన్నచోటనే ఉండి కూలికి పనిచేసుకోవాలని, పనిలేకుండా కూర్చుంటే పోషించేది లేదని కూడా హెచ్చరించింది. తరతరాలుగా కూలి లేకుండా చాకిరీ చేసినవారికి చెప్పిన మాట అది!

అసలు ద్రోహం భూమి దగ్గర జరిగింది. 1865 జనవరిలో జనరల్ షెర్మన్ ఆగ్నేయ తీరంలో విముక్తి పొందిన బానిసలకు కుటుంబానికి 40 ఎకరాల వరకు కేటాయించగా, ఆ ఏడాదే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ భూములను పాత యజమానులకు తిరిగి ఇప్పించడం మొదలుపెట్టాడు. అంతకు మూడేళ్ల ముందు వాషింగ్టన్‌లో బానిసలను విడిపించినప్పుడైతే తలకు 300 డాలర్ల దాకా పరిహారం దక్కింది, అదీ యజమానులకు. ఆపైన బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణ 'నేరానికి శిక్షగా తప్ప' అన్న మినహాయింపును మిగిల్చింది. దక్షిణాది రాష్ట్రాలు పనిలేకుండా తిరగడాన్నే నేరంగా మార్చి, ఖైదీలను తోటల యజమానులకు కిరాయికి ఇచ్చాయి.

హ్యూస్టన్ పక్కనున్న షుగర్ ల్యాండ్‌లో 2018లో బడి కట్టడానికి నేల తవ్వితే 95 మంది అస్థికలు బయటపడ్డాయి. చెరకు తోటల్లో కిరాయి ఖైదీలుగా చనిపోయిన నల్లజాతివారివి అవి; వారిలో పద్నాలుగేళ్ల పిల్లవాడూ ఉన్నాడని పరిశోధకులు అంచనా వేశారు. అక్కడ సమాధులు ఉండవచ్చని రెజినాల్డ్ మూర్ అనే మాజీ జైలు ఉద్యోగి ఏళ్ల తరబడి మొత్తుకున్నా వినిపించుకున్నవారు లేరు.

బానిసల వారసులకు పరిహారం ఇవ్వాలంటే, తాతలు చేసిన తప్పుకు మనవళ్లు ఎందుకు చెల్లించాలని కొందరు అడుగుతారు. తండ్రి పొలం తీసుకున్న కొడుకు ఆ పొలం మీది అప్పును కాదనలేడని మన పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. బానిసల యజమానులకు పరిహారం ఇవ్వడానికి బ్రిటన్ 1835లో చేసిన అప్పును అక్కడి ప్రజలు 2015 దాకా తీర్చారు. యజమానుల కోసం నూట ఎనభై ఏళ్లు గుర్తున్న బాకీ, బాధితుల దగ్గరికి వచ్చేసరికి పాతబడిపోతుందా?

ఈ బాకీలో తెలుగువారికీ పాత్ర ఉంది. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ వలసదారు కేసులో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది; మనవాళ్లకు తలుపు బార్లా తెరిచింది 1965 నాటి వలస చట్టం. నల్లజాతివారు లాఠీదెబ్బలు తిని, ప్రాణాలొడ్డి సాగించిన పౌరహక్కుల పోరాటం లేకపోతే ఆ చట్టం వచ్చేది కాదు. అదే షుగర్ ల్యాండ్ చుట్టుపక్కల నేడు ఎన్నో తెలుగు కుటుంబాలు ఇళ్లు కొనుక్కుని స్థిరపడ్డాయి. సంక్రాంతికి ముగ్గుల పోటీలు పెట్టే అక్కడి మన సంఘాలు జూన్ 19న పిల్లలను వెంటబెట్టుకుని ఆ 95 సమాధుల దగ్గరికి వెళ్లాలి, 13వ సవరణలోని ఆ మినహాయింపును తొలగించాలన్న ఉద్యమంలో సంతకం చేయాలి.