లోపల ఏమీ లేని చిమాకీ గారికి

చిమాకీ గారికి,

సికింద్రాబాద్ నుంచి నమస్కారాలు. మా గుమ్మం పైన మేకుకి వేలాడుతూ మీరు క్షేమంగానే ఉన్నారని రోజూ చూస్తున్నాను.

ఈ 'మీరు', 'గారు' ఇంతవరకే. ఆకలి మీద ఉన్నవాణ్ణి మోసం చేసినవాళ్ళకి మా కోనసీమలో అంత మర్యాద ఇవ్వరు.

మనం కలిసిన రాత్రి గుర్తుందా? జులై 16, క్యోటో. గియోన్ పండగ నెలంతా సాగుతుంది కానీ, జనం విరగబడేది 17న జరిగే మొదటి ఊరేగింపుకీ, దానికి ముందు రాత్రులకీ. షిజో వీధి, కరసుమా వీధి కలిసే చోట కార్లు ఆపేసి రోడ్డంతా మనుషులకి వదిలేశారు. మూడు పక్కల కొండలు, మధ్యలో గిన్నెలాంటి ఊరు, ఆ గిన్నెలో గాలి ఆడదు. మే నెల విజయవాడ చూసినవాణ్ణి, నేనే చొక్కా పిండుకున్నాను. రథాల ముందు దొంతర్లుగా కట్టిన కాగితపు లాంతర్లు, పైనుంచి 'కొన్ చికి చిన్' అని కంచు గంటల మోత. నిజం చెప్పొద్దూ, చాలా బాగుంది. కడుపులో ఏదైనా పడి ఉంటే ఇంకా బాగుండేది.

నేను శాకాహారిని. టోక్యోలో ఉద్యోగం చేసే మా బావమరిది ఆ సంగతి మర్చిపోయి, "బావా, తిండికి టెన్షన్ లేదు, రోడ్డంతా బళ్ళే" అన్నాడు. బళ్ళున్నాయి. యాకిసోబాలో పంది మాంసం, తకోయాకిలో ఆక్టోపస్. ఒక బండి మీద మాత్రం చల్లటి దోసకాయని పుల్లకి గుచ్చి అమ్ముతున్నారు. ప్రాణం లేచొచ్చింది. సగం కొరికాక మా వాడు మెల్లగా చెప్పాడు: దోసకాయని అడ్డంగా కోస్తే ఈ పండగ జరిపే యసాకా గుడి ముద్రలా కనిపిస్తుందని, పండగ నెలలో ఆ గుడివాళ్ళు దోసకాయ ముట్టరని. వీధి మొత్తం మీద నేను తినగలిగిందల్లా ఒక్కటే, అదేమో దేవుడి గుర్తు. మనం బయటివాళ్ళం, దోషం లేదన్నాడు. మిగతా సగం కళ్ళు మూసుకుని తినేశాను.

అప్పుడు కనిపించావు నువ్వు.

ఒక రథం పక్కన బల్ల మీద, పచ్చటి వెదురాకులో చుట్టి, నారతో బిగించి, కట్టలు కట్టలుగా. వెనకాల యుకతాలు (వేసవి నూలు కిమోనోలు) కట్టుకున్న చిన్నపిల్లలు కూర్చుని నిన్ను కొనమని పాట పాడుతున్నారు. ఆకులో చుట్టిందంటే తినేదే అని పుట్టిన ఊరు నాకు నేర్పింది. పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు తిని పెరిగినవాణ్ణి. పేరడిగితే చిమాకి అన్నారు. నాకు చిమ్మిలి అని వినపడింది. నువ్వులూ బెల్లమూ అయ్యుంటుందని నేనే నిర్ణయించేసుకుని, వెయ్యి యెన్లు ఇచ్చి, అక్కడే నిలబడి నార విప్పడం మొదలుపెట్టాను.

పిల్లల పాట ఆగిపోయింది. బల్ల వెనకనుంచి ఒక మామ్మగారు రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ పరిగెత్తుకొచ్చారు. మా బావమరిది ఆవిడకి నాలుగు సార్లు వంగి దణ్ణం పెట్టి, నాతో, "బావా, అది తినేది కాదు. తాయెత్తు" అన్నాడు. అప్పటికే ఒక ఆకు విప్పేశాను. లోపల గడ్డి.

ఏం, తినే చిమాకీ లేదా? ఉంది. మే 5న పిల్లల పండక్కి ఇదే ఆకులో పిండి ముద్ద పెట్టి చేస్తారు. అంటే మీ ఇంట్లో ఒకడికి వంట వచ్చు. నువ్వు వాడి పేరు పెట్టుకుని, వాడి చొక్కా తొడుక్కుని తిరుగుతున్నావు. మళ్ళీ నీలో రకాలు! ఉరాదే యామా అనే రథం దగ్గర కొంటే సుఖ ప్రసవం, హోషో యామా అనే రథం దగ్గర కొంటే పెళ్ళి సంబంధం. ఇడ్లీ సంబంధం ఏ రథం దగ్గరా లేదు.

సరే, గడ్డి సంగతి వదిలేద్దాం. నిన్ను నిలదీయాల్సింది నీ ఒంటికి అంటించిన కాగితం గురించి. దాని మీద ఏం రాసుందో మా వాడు చదివి చెప్పాడు: 'సోమిన్ షోరాయ్ వంశస్థులం'. ఎవరయ్యా ఈయన అంటే, కథ చెప్పాడు. ఒక దేవుడు దూరప్రయాణం చేస్తూ దారిలో ఇద్దరు అన్నదమ్ముల ఇళ్ళ దగ్గర ఆశ్రయం అడిగాడట. తమ్ముడు కోతన్ డబ్బున్నవాడు. పొమ్మన్నాడు. అన్న సోమిన్ నిరుపేద. లోపలికి రమ్మని, ధాన్యపు గడ్డి పరిచి, ఉన్న చిరుధాన్యమే వండి పెట్టాడు. దేవుడు తర్వాత మళ్ళీ వచ్చి, గడ్డితో పేనిన చుట్టు కట్టుకుంటే మీ వాళ్ళ జోలికి ఏ రోగమూ రాదని అన్నకి మాటిచ్చాడు. తమ్ముడి వంశం తుడిచిపెట్టుకుపోయింది. అందుకని నిన్ను గుమ్మానికి కడితే, వచ్చిన మహమ్మారి ఆ కాగితం చదువుకుని 'ఓహో, వీళ్ళు సోమిన్ మనుషులు' అని పక్కింటికి పోతుంది.

ఇప్పుడు చెప్పు. బాటసారికి అన్నం పెట్టినవాడి పేరు ఒంటి మీద రాసుకుని, ఆకలితో అల్లాడుతున్న బాటసారి చేతికి గడ్డి ఇస్తావా? మా కౌండిన్యస గోత్రం ప్రవర చెప్పడానికి నేను చెవులు పట్టుకుని ఋషుల పేర్లన్నీ అప్పజెప్పాలి. నీ దగ్గర వెయ్యి యెన్లు పారేస్తే చాలు, వంశం మారిపోతుంది. ఆ రాత్రి నా ముందు వరసలో ఒక ఆస్ట్రేలియా కుటుంబం, వెనక ఇద్దరు ఫ్రెంచి అమ్మాయిలు. అందరం పది నిమిషాల్లో సోమిన్ గారి మనవలమైపోయాం. మాలో ఎవరూ ఎవరికీ దోసకాయ ముక్క కూడా పెట్టలేదు.

అసలు నీకు ఇంకో ఇంటి చరిత్ర ఉందని మర్చిపోయావు. గియోన్ అనే మాట ఎక్కడిది? శ్రావస్తిలో బుద్ధుడికి కట్టించి ఇచ్చిన జేతవన విహారాన్ని జపాన్‌లో గియోన్ షోజా అంటారు. ఆ విహారాన్ని కాపాడే దేవుడని చెప్పుకునే గోజు తెన్నోయే మీ కథలో బాటసారి. 1868లో మెయిజీ ప్రభుత్వం బుద్ధుణ్ణీ షింటో దేవతల్నీ విడదీసినప్పుడు, గియోన్ గుడి పేరు యసాకా అయింది, దేవుడి పేరు సుసనో అయింది. పండగ పేరు మాత్రం మిగిలిపోయింది. మరి జేతవనం కొని ఇచ్చింది ఎవరు? అనాథపిండికుడు. దిక్కులేనివాళ్ళకి ముద్ద పెట్టేవాడని ఆ పేరుకి అర్థం. అటు చూసినా అన్నదాతే, ఇటు చూసినా అన్నదాతే. మధ్యలో నువ్వు.

మాకూ రోగాల పండగ ఉంది. మీది 869లో అంటురోగం చల్లారడానికి, దేశంలోని ప్రాంతాల లెక్కన 66 ఈటెలు నిలబెట్టడంతో మొదలైందంటారు. మా లష్కర్ బోనాలు 1813 గత్తర నాటి మొక్కు అని చెప్పుకుంటాం. అదీ ఈ ఆషాఢంలోనే. "ఇక్కడ బోనాలు వదిలేసి అక్కడి పండక్కి పోతారా" అని మా ఆవిడ అననే అంది. బోనం అంటే భోజనం, తెలుసా? కుండలో అన్నం వండి, వేపాకు కట్టి, నెత్తిన పెట్టుకుని వెళ్తారు. అమ్మవారికి చూపించాక మనమే తింటాం. మా దగ్గర రోగాన్ని కూడా భోజనం పెట్టి పంపిస్తారు.

మర్నాడు ఊరేగింపు చూశాం. పన్నెండు టన్నుల దాకా బరువుండే రథం, చక్రాలు పక్కకి తిరగవు. మూల మలుపులో చక్రాల కింద చీల్చిన వెదురు బద్దలు పరిచి, నీళ్ళు పోసి, ఒక్క కేకతో పక్కకి లాగుతారు. మూడు లాగులకి రథం తిరిగింది. నాకు తెలీకుండానే నేనూ అరిచాను. త్సుకి హోకో అనే రథం మీద మన దేశపు తివాచీలు చూసి గొంతు పట్టేసింది. ఎప్పుడో సముద్రం దాటొచ్చిన తివాచీకి అంత మర్యాద! అంతర్వేది తీర్థంలో జనం కిందనుంచి రథం మీదికి అరటిపళ్ళు విసురుతారు. ఇక్కడ పైనున్నవాళ్ళు కిందికి నిన్ను విసిరేవారట. ప్రమాదమని మానేశారు. పళ్ళు విసరమని ఎవరైనా సలహా ఇవ్వాల్సింది. కూర్చుని చూసే సీట్లూ ఉన్నాయి. 2023లో తిండితో సహా ఒక్కో సీటు 4 లక్షల యెన్లకి పెట్టారని మా వాడు చెప్పాడు. మన డబ్బుల్లో రెండు లక్షల పైమాటే. కోతన్ ఈసారి తలుపు తీశాడన్నమాట, టికెట్ చూపిస్తేనే.

ఇంటికి తెచ్చి కట్టాక మా అత్తయ్యగారు నిన్ను రెండుసార్లు వాసన చూశారు. పాడైపోయిందేమో ఫ్రిజ్‌లో పెట్టనా అన్నారు. ఒక ఆకు విప్పి ఉంది కదా, పిచ్చుక గూడుకి గడ్డి దొరికింది. ఏడాది తర్వాత నిన్ను క్యోటోలో తిరిగి అప్పగించాలట. విమానం ఖర్చు ఎవరిది?

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. నువ్వెలాగూ చూశావు, నేను దాచి లాభం లేదు. పోయిన మంగళవారం మధ్యాహ్నం లిఫ్ట్ పనిచెయ్యడం లేదు. పార్సిల్ అబ్బాయి ఐదంతస్తులు ఎక్కొచ్చి బెల్ కొట్టాడు. గొలుసు తియ్యకుండానే సందులోంచి సంతకం పెట్టి పార్సిల్ అందుకున్నాను. వాడు చెమట తుడుచుకుంటూ, "సార్, కొంచెం మంచినీళ్ళు" అన్నాడు. "కింద వాచ్‌మన్ దగ్గర ఉంటాయి బాబూ" అన్నాను. తలుపు వేసే గాలికి నువ్వు టపటపమని కొట్టుకున్నావు.

ఇట్లు,
తమ్ముడి వైపు చుట్టం